వాడని కేబుల్ వైరుకు మీరిచ్చిన సలహా సగమే సరైనది

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటి పనుల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు మీరు జవాబులు వేసే శీర్షికలో ఈ మధ్య ఒకరు ఒక మంచి ప్రశ్న అడిగారు. ఇల్లు కట్టినప్పుడు ప్రతి గదికీ టీవీ కేబుల్ వైరు లాగించారట, ఇప్పుడు ఒక్క గదిలోనే టీవీ ఉంది, మిగతా గదుల్లో గోడలోంచి వైర్లు ఊరికే వేలాడుతున్నాయి, వాటిని ఏం చేయాలి, ఎర్త్ చేయాలా అని. దానికి మీరు వేసిన జవాబు: వైరు చివర ఒలిచి, నడిమి రాగి తీగనూ బయటి జాలీనీ కలిపి మెలిపెట్టి, పక్కనున్న ప్లగ్గులో ఎర్త్ కన్నానికి కలిపి టేపు చుట్టేయండి, ఇక టెన్షన్ లేదు అని.

కేబుల్ పనీ కరెంటు పనీ రెండూ చేసినవాణ్ణి కాబట్టి ఇది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. బయటి నుంచి వచ్చే కేబుల్‌కు ఎర్త్ అవసరమే, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఎర్త్ ఇవ్వాల్సింది నడిమి తీగకు కాదు, ఇవ్వాల్సిన చోటు పడకగదిలోని ప్లగ్గు కాదు. మెలిపెట్టడం వల్ల సిగ్నల్‌కు మేలు జరగకపోగా ఒక్కోసారి ఉన్నది కూడా పాడవుతుంది. ఇక మామూలు మనిషిని వైరు ముక్క పట్టుకుని ప్లగ్గు కన్నాల్లో పెట్టమనడం, పేపర్లో వేయాల్సిన సలహా కానే కాదు. కన్నం మారితే సిగ్నల్ సంగతి అటుంచి ప్రాణం మీదికొస్తుంది.

అసలు ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి, చాలామంది, పనిచేసేవాళ్లలో కూడా కొందరు, రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. ఒకటి సిగ్నల్ పని, అంటే వాడని దారి చివర 75 ఓముల టెర్మినేటర్ అనే చిన్న టోపీ పెట్టడం. రెండోది భద్రత పని, అంటే బయటి నుంచి ఇంట్లోకొచ్చే కేబుల్ జాలీని ఇంటి ఎర్త్‌కు కలపడం. మొదటి దానికి ఎర్త్‌తో సంబంధం లేదు. రెండో దానికి వాడుతున్నామా లేదా అన్న తేడా లేదు, వాడే కేబుల్‌కైనా వాడని దానికైనా అదే రూలు.

ముందు సిగ్నల్ సంగతి. కోక్సియల్ కేబుల్ ఒలిచి చూస్తే నడుమ ఒక గట్టి తీగ, దాని చుట్టూ తెల్లటి నురుగులాంటి ప్లాస్టిక్, దాని మీద వెండిరంగు ఫాయిల్, ఆపైన సన్నతీగల జాలీ, అన్నిటికన్నా పైన నల్లదో తెల్లదో తొడుగు. నడుమ తీగ, చుట్టూ లోహం అనే ఈ ఏర్పాటుకు ఆలివర్ హెవీసైడ్ అనే ఇంజనీరు 1880లోనే ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నాడు, అప్పటికి టీవీ అన్న మాటే లేదు. నడిమి తీగ మందానికీ బయటి ఫాయిల్ వెడల్పుకూ ఉన్న నిష్పత్తిని బట్టి, మధ్యలోని ప్లాస్టిక్‌ని బట్టి ఆ కేబుల్‌కు ఒక ఓముల విలువ వస్తుంది. టీవీ కేబుల్‌కు అది 75. పొడవు మీటరైనా యాభై మీటర్లైనా అదే 75, ఎందుకంటే అది తీగ రెసిస్టెన్స్ కాదు, ప్రయాణిస్తున్న సిగ్నల్‌కు కేబుల్ ఎలా కనిపిస్తుందన్న లెక్క. మల్టీమీటరు పెట్టి కేబుల్‌లో 75 ఓములు వెతికేవాళ్లను చూశాను, అలా దొరకదు.

సిగ్నల్ చివరి దాకా వెళ్లాక అక్కడ సరిగ్గా 75 ఓముల టీవీయో సెట్‌టాప్ బాక్సో ఉంటే అది మొత్తం తాగేస్తుంది. ఏమీ లేకపోతే, కాలవలో నీళ్లు గట్టుకు కొట్టుకుని వెనక్కి మళ్లినట్టు, సిగ్నల్ వెనక్కి తిరుగుతుంది. చివర తెరిచి ఉన్నా అంతే, మెలిపెట్టి షార్ట్ చేసినా అంతే, రెండిట్లోనూ వచ్చినదంతా వెనక్కే. తేడా ఒక్కటే, షార్ట్ చేసిన చోట తిరిగొచ్చే అల తలకిందులై వస్తుంది. అంటే మీ శీర్షికలో చెప్పినట్టు మెలిపెడితే సమస్య పోదు, ఇంకో చోటికి మారుతుంది.

ఎలా మారుతుందో ఒక లెక్క చూపిస్తాను. మామూలు ఆర్‌జీ-6 కేబుల్‌లో సిగ్నల్ సెకనుకు సుమారు 25 కోట్ల మీటర్ల వేగంతో పోతుంది. ఎవరో మీ మెయిన్ కేబుల్ మధ్యలో స్ప్లిటర్ (ఒక కేబుల్ సిగ్నల్‌ను చాలా కేబుళ్లకు పంచే చిన్న పెట్టె) లేకుండా తొడుగు చీల్చి ఒక మీటరు ముక్కను చుట్టి జాయింటు కొట్టారనుకోండి (ఇలాంటి జాయింట్లు ఎన్ని ఇళ్లలో ఉంటాయో చెప్పనక్కర్లేదు). ఆ ముక్క చివర తెరిచి ఉంటే సుమారు 62 మెగాహెర్ట్జ్ దగ్గర, తర్వాత 187 దగ్గర, 312 దగ్గర, అలా పోతూ పోతూ సిగ్నల్‌ను మింగేస్తుంది. అదే చివరను మెలిపెడితే 62 బాగుపడుతుంది, 125, 250, 375 దగ్గర పోతుంది. అందుకే కొందరి ఇళ్లలో అన్ని ఛానళ్లూ బాగుండి ఏవో కొన్ని మాత్రమే గళ్లు గళ్లుగా వచ్చి ఆగిపోతుంటాయి, బాక్సు మార్చినా పోదు, రిమోట్ మార్చినా పోదు, కేబుల్ వాళ్లతో గొడవపడినా పోదు. పాపం వాళ్లు వచ్చి మీటరు పెట్టి చూసి సిగ్నల్ ఫుల్లు ఉంది అంటారు, వాళ్లు చూసిన ఛానల్‌లో నిజంగానే ఫుల్లు ఉంటుంది.

పాత అనలాగ్ టీవీ రోజుల్లో ఈ తిరిగొచ్చిన సిగ్నల్ కంటికి కనిపించేది, మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా. డిజిటల్‌లో నీడ రాదు. కొంతవరకు బాక్సే సరిదిద్దుకుంటుంది, దాని శక్తి దాటిన క్షణం ఒక్కసారిగా బొమ్మ చెదిరిపోతుంది. మధ్యలో హెచ్చరిక ఉండదు. నిన్నటిదాకా బాగుంది ఈ రోజు పోయింది అంటే, నిన్న కూడా అంచు మీదే ఉందని అర్థం.

సరిగ్గా స్ప్లిటర్ పెట్టిన ఇంట్లో పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు, నిజం చెప్పాలి. మంచి స్ప్లిటర్‌లో ఒక అవుట్‌పుట్ నుంచి ఇంకో అవుట్‌పుట్‌కు సిగ్నల్ అంత తేలిగ్గా దాటదు, 20 డీబీకి (డెసిబెల్, సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) పైనే అడ్డు ఉంటుంది, అంటే దాటేది నూరో వంతు కన్నా తక్కువ. పైగా వాడని కేబుల్ పొడవుగా ఉంటే దానిలో పోతూ వస్తూనే సిగ్నల్ నీరసపడుతుంది, ఆర్‌జీ-6లో 1000 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు 20 డీబీకి పైనే పోతుంది. కాబట్టి ఒక అవుట్‌పుట్ ఖాళీగా వదిలేస్తే చాలా ఇళ్లలో ఏ తేడా తెలియదు. తెలియని ఇంట్లో వదిలేయొచ్చా అంటే, వదిలేయొచ్చు, నేను భయపెట్టను. కానీ చవకబారు స్ప్లిటర్లలో ఈ అడ్డు పేరుకే ఉంటుంది, మూత మీద ఏం అచ్చేసినా సరే. అలాంటి దానికి మూడు అవుట్‌పుట్‌లు ఖాళీగా ఉండి, ఒక్కోదానికి రెండు మూడు మీటర్ల ముక్కలు వేలాడుతుంటే అప్పుడు కథ మారుతుంది.

ఇంకా ముఖ్యమైన సంగతి, మీ శీర్షికలో అసలు ప్రస్తావనే లేనిది: నాలుగు అవుట్‌పుట్‌ల స్ప్లిటర్ పెట్టి ఒకటే వాడుతున్నప్పుడు మిగతా మూడిటికి టోపీలు పెట్టడం కన్నా ముందు చేయాల్సింది, ఆ స్ప్లిటర్‌నే పీకేయడం. రెండు అవుట్‌పుట్‌ల స్ప్లిటర్ ఒక్కో వైపుకు సుమారు 3.5 డీబీ తినేస్తుంది, నాలుగుది 7 డీబీ దాకా తింటుంది. అంటే వచ్చిన సిగ్నల్‌లో అయిదో వంతు మీ టీవీకి, మిగిలింది ఎవరూ లేని గదులకూ, స్ప్లిటర్ వేడికీ. ఖాళీ గదికి వాటా ఇవ్వడం మానేసినా మీ టీవీ వాటా దానంతటదే పెరగదు, లోపలి పంపకం మారదు కాబట్టి. ఒక్క టీవీయే ఉంటే రెండు కేబుళ్లనూ నేరుగా కలిపే జాయినర్ చాలు, దాన్నే బ్యారెల్ అంటారు. ఒక టీవీ, ఒక మోడెమ్ ఉంటే రెండు అవుట్‌పుట్‌లది చాలు. టెర్మినేటర్ కొనే ముందు ఈ పని చేస్తే సగం ఇళ్లలో టెర్మినేటర్ అక్కర్లేకుండానే పోతుంది.

ఏ కారణం చేతైనా పెద్ద స్ప్లిటర్ ఉంచుకోవాల్సి వస్తే, వాడని గదికి పోయే కేబుల్‌ను స్ప్లిటర్ దగ్గరే ఊడదీయండి, ఆ ఖాళీ అవుట్‌పుట్‌కు అక్కడే 75 ఓముల టెర్మినేటర్ బిగించండి. గది చివర బిగిస్తే తప్పా అంటే తప్పు కాదు, పని చేస్తుంది, కానీ అప్పుడు గోడలోని కేబుల్ అంతా ఇంకా సిగ్నల్ మోస్తూనే ఉంటుంది, దానిలో ఎక్కడైనా ఎలుక కొరికినా, మేకు దిగినా, మధ్యలో ఏ జాయింటైనా వదులైనా ఆ రోగం మొత్తం ఇంటికి అంటుతుంది. స్ప్లిటర్ దగ్గర తెంచేస్తే ఆ కేబుల్‌తో ఇక సంబంధమే లేదు.

టెర్మినేటర్ అంటే పెద్ద వస్తువేమీ కాదు, ఎఫ్ కనెక్టర్ (కేబుల్ చివర తిప్పి బిగించే పిన్ను) ఆకారంలో ఉండే వేలి కొసంత టోపీ, లోపల ఒక చిన్న రెసిస్టర్. దీనికి ఒక కవల ఉంది, అచ్చం అలాగే ఉంటుంది, కానీ లోపల ఏమీ ఉండదు, దుమ్ము పడకుండా పెట్టే ఉత్త మూత. బయటి నుంచి చూస్తే దేవుడికి కూడా తెలియదు. మల్టీమీటరును ఓముల మీద పెట్టి ఒక కొస నడిమి పిన్నుకు, ఇంకో కొస టోపీ ఒంటికి ఆనించండి. 75 దగ్గర్లో చూపిస్తే అసలుది. ఏమీ చూపించకపోతే అది మూత అయినా కావాలి, లేదా లోపల కెపాసిటర్ పెట్టి డీసీని ఆపే రకం టెర్మినేటర్ అయినా కావాలి. అది ఏ రకమో దాని ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది, ప్యాకెట్టు పారేయకండి.

ఆ డీసీ ఆపే రకం ఎందుకంటారా, డిష్ ఉన్న ఇళ్ల కోసం. డిష్ మీదుండే ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ పట్టే చిన్న పెట్టెకు) కరెంటు వేరే వైరులో పోదు, సెట్‌టాప్ బాక్సే అదే కోక్సియల్ కేబుల్‌లో 13 లేదా 18 వోల్టుల డీసీ పంపుతుంది. డీసీ దాటనిచ్చే స్ప్లిటర్ అవుట్‌పుట్‌కు మామూలు టెర్మినేటర్ బిగించారనుకోండి, 18 వోల్టులను 75తో భాగిస్తే 0.24 ఆంపియర్లు, అంటే 4 వాట్లకు పైన వేడి, పావు వాటు ఓర్చుకునే ఆ బుల్లి రెసిస్టర్ మీద. అది మాడిపోతుంది. మరి మీరు చెప్పినట్టు నడిమి తీగనూ జాలీనీ కలిపి మెలిపెడితే? బాక్సు నుంచి వచ్చే సప్లై నేరుగా షార్ట్. మంచి బాక్సయితే తనను తాను ఆపుకుంటుంది, సిగ్నల్ లేదు అని తెర మీద వేస్తుంది, మనం డిష్ పక్కకు జరిగిందేమోనని మేడెక్కి తిప్పుతుంటాం. కాస్త బలహీనమైన బాక్సయితే సప్లై భాగమే పోతుంది.

కేబుల్ ద్వారానే ఇంటర్నెట్ వాడేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. టీవీలో సిగ్నల్ ఒకవైపే వస్తుంది, ఇంటర్నెట్‌లో మన మోడెమ్ కూడా వెనక్కి పంపుతుంది. ఆ వెనక్కి పంపేది చాలా చోట్ల 5 నుంచి 42 లేదా 65 మెగాహెర్ట్జ్ లోపు, కొత్త ఏర్పాట్లలో ఇంకా పైదాకా. సరిగ్గా ఆ కింది భాగంలోనే మిక్సీ మోటార్లు, చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు రొద చేస్తుంటాయి. జాలీ తెగి, పిన్ను వదులై, నడిమి తీగ బయటికి కనిపిస్తూ వేలాడే కేబుల్ ఆ రొదను పట్టి లోపలికి పంపుతుంది. ఒక్క ఇల్లయితే పరవాలేదు, కానీ ఒకే లైను మీద ఉన్న ఇళ్లన్నిటి రొదా పైకి పోయి ఒక్కచోట కలుస్తుంది. ఎవరింట్లోనో వేలాడే ముక్క వల్ల వీధి చివరివాళ్ల వీడియో కాల్ తెగుతుంది, ఎవరి వల్లో కనిపెట్టడానికి టెక్నీషియన్ ఒక్కో లైనూ ఊడదీసి చూసుకుంటూ రావాలి. లోపలికి వచ్చే దారి బయటికి పోయే దారి కూడా. కేబుల్‌లో వాడే ఫ్రీక్వెన్సీల్లో కొన్ని బయట విమానాల రేడియో మాటలకు కేటాయించిన 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మీదే పడతాయి, లీకయ్యే కేబుల్ ఎవరికీ మంచిది కాదు.

ఇక రెండు చివరలూ దేనికీ కలవకుండా గోడలో ఊరికే ఉన్న కేబుల్ సంగతి. ఇంటి లోపలే మొదలై లోపలే ముగిసే ముక్క అయితే దానికి టెర్మినేటర్ అక్కర్లేదు, ఎర్త్ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. అది ఉత్త రాగి. చివరలు కప్పి, దేనికి పోతుందో ఒక చీటీ కట్టి వదిలేయండి. ఈ చీటీ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో 2002 నుంచి ఒక రూలుంది, వదిలేసిన కేబుళ్లు చేతికి అందే చోట ఉంటే తీసేయాలి, మంటలు పుడితే ఆ ప్లాస్టిక్ తొడుగులన్నీ కట్టెల్లా అంటుకుంటాయని. మళ్లీ వాడతామని చీటీ కట్టి ఉంచినదైతే ఉండనివ్వచ్చు. పీకాలనుకుంటే ఊరికే పీకేయకండి, దాని చివరకు కొత్త నెట్‌వర్క్ కేబుల్‌నో ఒక గట్టి తాడునో కట్టి లాగితే గోడ పగలగొట్టకుండా కొత్తది లోపలికి వస్తుంది, పైపులో స్వేచ్ఛగా ఉంటేనే సుమా, గోడకు క్లిప్పులు కొట్టినది కదలదు. వైఫై అందని గదికి ఇంటర్నెట్ చేరవేయడానికి పాత కోక్సియల్‌నే వాడే మోకా అడాప్టర్లు కూడా ఉన్నాయి, అవి 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, ఆ ఆలోచన ఉంటే మంచి కేబుల్‌ను తెగ్గోయకండి.

బయటి నుంచి వచ్చే కేబుల్ మాత్రం అలా కాదు. మేడ మీద డిష్ తీసేశారు, కేబుల్ ముక్క మాత్రం పిట్టగోడ మీంచి కిటికీ పక్కగా దిగి పడకగదిలో మంచం వెనక తేలింది, ఇలాంటివి ఎన్నో. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే వాడటం లేదు. పిడుగు దగ్గర్లో ఎక్కడ పడినా ఆ పొడవాటి తీగలో వోల్టేజీ పుడుతుంది, దానికి మనం వాడుతున్నామో లేదో తెలియదు. ఒక మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు ఒక్కసారిగా మారితే అడ్డుపడే గుణం) ఉంటుంది. పిడుగు కరెంటు మైక్రోసెకనుకు 10 వేల ఆంపియర్ల చొప్పున పెరిగితే ఆ ఒక్క మీటరు మీదే 10 వేల వోల్టులు. ఎర్త్ తీగ పొట్టిగా, వంకర్లు లేకుండా, చుట్టలు చుట్టకుండా ఉండాలని పదేపదే చెప్పేది అందుకే. మిగిలిన తీగను అందంగా చుట్ట చుట్టి క్లిప్పు పెట్టే అలవాటున్న ఎలక్ట్రీషియన్ల మీద నాకు కోపం ఇందుకే.

వాడని బయటి కేబుల్‌కు అన్నిటికన్నా మంచి మందు, బయటే తీసేయడం. తీయలేకపోతే అది ఇంట్లోకి వచ్చే చోటే, గోడకు బయటి వైపు, గ్రౌండ్ బ్లాక్ అనే చిన్న లోహపు ముక్క పెట్టాలి. రెండు వైపులా కేబుల్ బిగుస్తుంది, పక్కనున్న స్క్రూకు ఎర్త్ తీగ వస్తుంది. నడిమి తీగ దానిలోంచి యథాతథంగా సాగిపోతుంది, జాలీ మాత్రమే ఎర్త్‌కు కలుస్తుంది. ఆ ఎర్త్ తీగ పోవాల్సింది ఇంటి మెయిన్ ఎర్త్‌కే, వేరే దేనికీ కాదు. అమెరికా కోడ్ మామూలు ఇళ్లలో ఆ తీగ 20 అడుగులు, అంటే సుమారు 6 మీటర్లు దాటకూడదంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60728-11 అయితే జాలీని కలిపే రాగి తీగ కనీసం 4 చదరపు మిల్లీమీటర్లు, బయటి ఆంటెనా స్తంభానికి పిడుగు కోసం వేసేది 16 చదరపు మిల్లీమీటర్లు ఉండాలంటుంది. పడకగది ప్లగ్గు ఎర్త్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలుస్తుంది: ఆ సన్నటి తీగ ఇల్లంతా తిరిగి బోర్డు చేరేలోగా పిడుగు దెబ్బను మీరే చేతులారా పడకగది దాకా తెచ్చి, టీవీ, ఫ్రిజ్ ఎర్త్ పోయే దారిలోనే కలిపినట్టు.

కొంతమంది జాగ్రత్తపరులు ఇంకో పని చేస్తారు, కేబుల్ కోసమని విడిగా ఒక రాడ్డు పాతి దానికి మాత్రమే కలుపుతారు. ఇది ఏమీ చేయకపోవడం కన్నా ప్రమాదం కావచ్చు. పిడుగు పడినప్పుడు ఒక ఎర్త్ దగ్గర నేల వోల్టేజీ వేలల్లో లేస్తుంది, ఇంకో ఎర్త్ దగ్గర అంత లేవదు. ఆ తేడా అంతా ఎక్కడ కలుస్తుంది? ఒకవైపు కరెంటు వైరు, ఇంకోవైపు కేబుల్ రెండూ చేరే ఏకైక చోటు టీవీ, లేదా మోడెమ్. అందుకే విడి రాడ్డు పాతితే దాన్ని ఇంటి మెయిన్ ఎర్త్‌తో దళసరి రాగి తీగతో తప్పకుండా కలపమంటారు, అమెరికా కోడ్ 6 గేజి తీగ అడుగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇంత చేసినా పిడుగు నేరుగా డిష్ మీదే పడితే పెట్టెలు పోతాయి. ఎర్త్ పని ఇంట్లోని లోహాలన్నీ ఒకే వోల్టేజీకి కలిసి లేచేలా చూసి మంటలూ మనుషులకు దెబ్బలూ తగ్గించడం, పెట్టెల్ని కాపాడతానని అది ఎప్పుడూ మాటివ్వలేదు.

బయట కోసిన చివరను తెరిచి వదిలేస్తే నీళ్లు కూడా ఓ సమస్యే. జాలీ సందుల్లోంచి నీరు వత్తిలో నూనెలా పాకి మీటర్ల కొద్దీ లోపలికి పోతుంది, ఫాయిల్ తినేసి బూడిదరంగు పొడి చేస్తుంది, చివరికి ఇంట్లో పిన్ను దగ్గర చుక్కలు చుక్కలుగా కారుతుంది. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను ఒక గుండ్రటి వంపుగా కిందికి దించి పైకి తిప్పాలి, నీళ్లు ఆ కిందనే జారిపోతాయి. కోసిన చివరకు వాతావరణాన్ని తట్టుకునే టేపు చుట్టాలి, మామూలు నల్లటి ఇన్సులేషన్ టేపు ఎండకు పట్టుమని ఏడాది కూడా ఆగదు.

ఇక చాలామంది ఫిర్యాదు ఒకటుంది, కేబుల్ పిన్ను ముట్టుకుంటే జివ్వుమంటోంది, టెస్టర్ పెడితే వెలుగుతోంది, ఎర్త్ లేకనే కదా అని. ఎక్కువసార్లు అది రెండు కాళ్ల ప్లగ్గున్న టీవీ, బాక్సుల వల్ల. వాటి లోపలి సప్లైలో కరెంటు వైపుకూ సిగ్నల్ వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెడతారు, దానిలోంచి మిల్లీఆంపియర్ కన్నా తక్కువ కరెంటు కారుతుంది. ఎర్త్ లేని జాలీ మీద అది మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా చూపిస్తుంది, నియాన్ టెస్టర్ హాయిగా వెలుగుతుంది, వేలికి తిమ్మిరిలా తగులుతుంది. జాలీని సరిగ్గా ఎర్త్ చేసిన రోజు అది మాయమవుతుంది. టెస్టర్‌కు మాత్రం ఇది తిమ్మిరో, నిజమైన ఫేజు తగిలిందో తేడా తెలియదు, దాని మాట నమ్మి ఏమీ కాదులే అనుకోకండి.

జివ్వుమనడం ఒక ఎత్తు, కేబుల్ ఊడదీసేటప్పుడు నిప్పురవ్వ రావడం ఇంకో ఎత్తు. పిన్ను తిప్పి తీస్తుంటే చిటచిటమని రవ్వలు కనిపించినా, కేబుల్ తొడుగు వేడిగా తగిలినా, ప్లాస్టిక్ మెత్తబడి ఉన్నా, ఆ పని అక్కడే ఆపేయాలి. ఎర్త్‌నూ న్యూట్రల్‌నూ మెయిన్ దగ్గర కలిపే ఏర్పాటున్న ఇళ్లలో న్యూట్రల్ తీగ ఎక్కడో వదులైతే, ఇంట్లో వాడే కరెంటంతా తిరిగి పోవడానికి దారి వెతుక్కుని కేబుల్ జాలీ ఎక్కుతుంది. మీ న్యూట్రల్ బాగున్నా పక్కింటివాళ్లది పోతే, ఇద్దరిదీ ఒకే కేబుల్ లైను కాబట్టి వాళ్ల కరెంటు మీ జాలీ మీంచి పోవచ్చు. ఆ సమయంలో మీరు కేబుల్ ఊడదీసి రెండు చేతుల్లో రెండు కొసలు పట్టుకుంటే తెగిన దారిని మీ ఒంటితో కలిపినట్టే. బల్బులు కొన్ని మసకగా కొన్ని మరీ ప్రకాశంగా వెలుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

దీన్ని చూడటానికి ఏమీ ఊడదీయక్కర్లేదు. ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటరు ఉంటుంది, దాని దవడను బిగించి ఉన్న కోక్సియల్ కేబుల్ చుట్టూ, తర్వాత గ్రౌండ్ బ్లాక్ ఎర్త్ తీగ చుట్టూ పెట్టి చూడమనండి. దాదాపు సున్నా చూపించాలి. అర ఆంపియరో ఆంపియరో చూపిస్తే, వాడే కేబుల్, వాడని కేబుల్ దేన్నీ ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపించి న్యూట్రల్ ఎక్కడ వదులైందో వెతికించండి, కరెంటు సరఫరా చేసేవాళ్లకు కూడా అదే రోజు ఫోన్ చేయండి. స్ప్లిటర్, టెర్మినేటర్ పనులు ఆ తర్వాత.

ఇట్లు,
మీ పాఠకుడు